లేచాక అత్తయ్య బైబిలు తిరగేసి పెట్టండి

షాపులో తడిసిన అత్తయ్య బైబిలు ఫ్యాను కింద పెట్టాను. లేవగానే తిరగేసి పెట్టండి. అంటుకున్న పేజీల మధ్య తెల్లకాగితం దూర్చాలి, లాగకూడదు. బైండింగు చేసేవారికి నేను చెప్పడమేంటో! రొట్టెలు డబ్బాలో ఉన్నాయి, కూర స్టవ్ మీదే ఉంది.

నిన్న మీ బావగారు ధైర్యం చెప్పడానికి వచ్చి, వాన నీళ్లకు షాపు మునిగిన మనిషికి నోవహు కథ చెప్పారు. వెంట వచ్చిన వదిన యోనా కథ ఎత్తుకున్నారు. నీళ్లు లేని కథ ఒక్కటీ గుర్తు రాలేదు కాబోలు. మీరేమో దుప్పటి ముసుగులోంచే ఆమేన్ అన్నారు. ఆ ముసుగుకి ఇవాళ్టితో పది రోజులు.

పొద్దున పేజీలు విడదీస్తూ ఏలీయా ప్రవక్త కథ దగ్గర ఆగిపోయాను. ఆయన కూడా ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె చూపించి, లేచి తిను అన్నాడు, అంతే. నేనూ ఇంకేం చెప్పను. దూత గిన్నెలు కడగమనలేదు గానీ, నేను అంటున్నాను.

ఇంకో మాట. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత విసుక్కోకుండా రెండోసారి వచ్చి లేపాడు. నేను ఆరింటికి వస్తాను.