పైనుంచి కిందికి బెల్లు

ఏమండీ,

అన్నం గిన్నె మీద మూత పెట్టాను. చారు వేడి చేసుకోండి. పిల్లి వస్తుంది, వంటింటి కిటికీ వేసుకోండి.

కింద కొట్లో ఇంటర్‌కం పిన్ను ఊడిపోతే, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన అన్నయ్య బిగిద్దామని విప్పాడు. వైరులో నాలుగు తీగలుంటే రెండే బిగించి ఉన్నాయి. మిగతా రెండూ కత్తిరించి, మడిచి, టేపు చుట్టేసి ఉన్నాయి. మీ సైకిలు హ్యాండిలుకి చుట్టిన ఎర్ర టేపే అది. పైన నేను నొక్కితే కింద మీకు మోగాల్సింది ఆ రెండు తీగలతోనేనట. ఆ సెట్టుకి కిందనుంచి పైకే బెల్లు ఉంటుందని కదండీ నాతో చెప్పారు? బేరాలవాళ్ళు వింటుండగా పెళ్ళాం పిలిస్తే నామోషీ కాబోలు.

నిన్న పాప మీనాకి ఫిట్స్ వస్తే, మెట్ల మీదినుంచి అరిచి అరిచి, చివరికి పిల్లని ఎత్తుకుని కొట్లోకి పరిగెత్తాను. "అందరి ముందుకీ ఆ జుట్టేంటి, ఆ అవతారమేంటి?" అన్నారు. గుమస్తాని రిక్షాకి పంపి, మీరు తూకం చూసుకున్నారు.

తీగలు బిగించడం కష్టమేం కాదు. గోరు పొడవున పై తొడుగు ఒలిచి, రాగి తీగ మెలిపెట్టి, ఏ రంగుకి ఆ రంగు మర కింద పెట్టి బిగించడమే. అన్నయ్య బిగిస్తానన్నాడు. నేనే వద్దన్నాను. కత్తిరించిన చేత్తోనే బిగించండి.

మీనాని తీసుకుని ద్రాక్షారామం, మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను.

జగదాంబ

టీ ఫ్లాస్కులో ఉంది. అలవాటుకొద్దీ బెల్లు నొక్కకండి. పైన వినేవాళ్ళు లేరు.