చెవి దగ్గర వాచీ

సాలూరు

నాన్నకు వందనాలు. అత్తయ్య ఇంట్లో క్షేమంగా ఉన్నాను. డుంబ్రిగుడకి ఫోను కలవక కార్డు రాస్తున్నాను.

నీ వాచీకి కొత్త బ్యాటరీ వేయిస్తే రెట్టింపు వేగంతో తిరుగుతోంది! షాపు వెంకటరావు గారు మూత తీసి చూపించారు. లోపల స్కూల్లో సైన్సు మాస్టారు మోగించే శ్రుతిదండమే ఉంది, వేలి కణుపంత.

"కరెంటుకి ఇది వణుకుతాదమ్మా. వణికినప్పుడల్లా సక్రాన్ని ఒక పన్ను నెట్టాల. పాత రకం బేటరీ ఇప్పుడు రాదు. ఈ కొత్తదాని జోరుకి ఊపు పెరిగి రెండేసి పళ్ళు నెట్టేత్తంది" అన్నారు.

మరి దండం మోత కూడా మారాలి కదా అన్నాను. "మోత మారదు, ఊపే పెరిగింది" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. లోపలిదంతా తీసేసి మామూలు మిషను పెడితే టైము తప్పదట. సరేనన్నాను.

ఆయన స్క్రూడ్రైవర్ వెతుక్కుంటుంటే వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాను. టిక్కుటిక్కు లేదు, తుమ్మెదలా సన్నగా ఒకటే మోత. నాకు తెలియకుండానే మన మందిరం కీర్తన నోట్లోకి వచ్చేసింది, సరిగ్గా నువ్వెత్తుకునే శ్రుతిలో. గబుక్కున వాచీ తెచ్చేసుకున్నాను.

నాన్నా, పాట ఎత్తుకునే ముందు నువ్వు వాచీ చెవికి ఆనించేది టైము కోసం కాదా? "ఈ మనిషికి టైము పిచ్చి" అని అమ్మ నవ్వుతుందే!

కాఫీ పళ్ళు ఎండాయా? అత్తయ్యకి రాజ్మా గింజలు బస్సులో పంపించు. నీకు టైము కావాలో, శ్రుతి కావాలో బేగి రాయి. అమ్మకీ, మందిరంలో అందరికీ నా వందనాలు.

మొన్న ఆదివారం వాచీ లేకుండా పాట ఎలా ఎత్తుకున్నావు?

నీ సుజానా