ఏడుగురు పిలగాండ్లు ఇండోర్ పోతున్నరు

పర్వత్ పాటియా, సూరత్
3 సెప్టెంబర్ 2021

సేఠ్ ఆఫీసు పెద్దసారుకు, సాంచాల మీద బట్ట నేసే కార్మికుడు మార్కండేయ దండం పెట్టి రాసేది.

సారూ, మా ఏడుగురు పిలగాండ్లను ఇండోర్ తీస్కపోతున్నరట. గిదేం పని? ఆరేండ్ల సంది కండ్లల్ల పెట్టుకొని చూసుకున్నం. మమ్ముల ఒక్క మాటన్న అడిగిన్రా?

ఇట్లు, మీ జవాబు కోసం చూస్తున్న
మార్కండేయ

తా.క.: నాలుగో నంబరోనికి మోకాలు నొప్పి. ఇండోర్ చలికి జర పట్టీ కట్టిపియ్యుండ్రి.

*

రింగ్ రోడ్, సూరత్
9 సెప్టెంబర్ 2021

శ్రీ మార్కండేయ గారికి,

మిల్లులో కొంత భాగం ఇండోర్‌కు మారుతున్న మాట నిజమే. మీ ఏడుగురు కుమారులు ఏ షిఫ్టులో పనిచేస్తున్నారో తెలుపగలరు. తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు ఏడు జతచేశాను.

భవదీయురాలు,
పద్మారాణి, ఆఫీసు అసిస్టెంటు

తా.క.: ఏడుగురి టీకా సర్టిఫికెట్లు కూడా కావాలి. నాలుగో అబ్బాయి మోకాలికి కంపెనీ బాధ్యత వహించదు.

*

పర్వత్ పాటియా
15 సెప్టెంబర్ 2021

పద్మారాణి మేడంకు మార్కండేయ నమస్తే.

మాకు పిల్లలే పుట్టలే మేడం! ఏడుగురంటే సేఠ్ కబడ్డీ జట్టు, తాపీ తూఫాన్! నాకన్న మా ఐలమ్మకు ఆ జట్టంటే పానం. కొంగు నడుముకు చెక్కి "కాలు పట్టురా, సచ్చినోడా!" అని ఒర్రితే స్టేడియం అంత మర్లి చూసేది. తెలుగు ముక్క రాని హర్యానా పిలగాడు గూడ ఆ కేక ఇని కాలు పట్టెటోడు.

ఏప్రిల్‌ల ఐలమ్మ పోయింది. ఇంట్ల మాట్లాడేటోల్లు లేరు. ఆటలు మల్ల షురూ అయితే ఆడికన్న పోయి కూసోవచ్చనుకున్న. ఇగ అది గూడ లేకపాయె. సేఠ్‌కు జర నచ్చజెప్పుండ్రి.

మీ మీదనే ఆశ పెట్టుకున్న
మార్కండేయ

తా.క.: కాయితాలు దండుగ చెయ్యొద్దని, ఏడింటి మీద "సమ్మతి లేదు" అని రాసి పంపుతున్న.

*

రింగ్ రోడ్
24 సెప్టెంబర్ 2021

మార్కండేయ గారికి నమస్కారం.

నా పొరపాటుకు మన్నించండి. సేఠ్ గారి నిర్ణయం మాత్రం మారదు.

మీ శ్రీమతి గారు ఏప్రిల్‌లో వెళ్ళిపోయారని రాశారు. కరోనా భయంతో అప్పుడు చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఇప్పుడు రైళ్ళు నడుస్తున్నాయి కదా, బతిమాలి తీసుకురండి. అక్టోబర్ పదిన వీడ్కోలు ఆట. మీ ఇద్దరికీ రెండు పాసులు పంపుతున్నాను.

మీ మేలు కోరే
పద్మారాణి

తా.క.: ఆవిడ అలిగి వెళ్ళి ఉంటే తప్పు మీదేనని ముందే ఒప్పేసుకోండి. మా నాన్నగారు అలాగే నెట్టుకొస్తున్నారు.

*

పర్వత్ పాటియా
12 అక్టోబర్ 2021

పద్మారాణి బిడ్డకు మార్కండేయ ఆశీర్వాదం.

ఐలమ్మ ఊరికి పోలే బిడ్డా. కరోనాకు పోయింది. దవాఖాన లోపటికి నన్ను రానియ్యలే. మొకం గూడ సూడలే. నీ మీద కోపం లేదు. నీ ఉత్తరం చదివి ఒక గడియ, నిజంగనే మా ఊరు జగిత్యాలల అలిగి కూసున్నదేమో అనుకున్న. ఆ గడియ మంచిగనే ఉండె.

ఆటకు పోయిన. సీటు ఇడిచి సీటుకు అడ్డగీతలు కొట్టిన్రు, ఎవ్వలూ కూసోవద్దని. నా పక్క సీటుకు గూడ కొట్టిన్రు. దాని మీద రెండో పాసు పెట్టిన. ఆఖరి కూతల లేసి, ఆమె లెక్క ఒర్రుదామనుకున్న. ఒర్రకుంటనే మల్ల కూసున్న. హర్యానా పిలగాడు ఒకపారి మా దిక్కు చూసిండు. కాలు పట్టలే. ఓడిపోయినం.

నీ
మార్కండేయ

తా.క.: ఓడినందుకు బాధ లేదు. గెలిచి పోతే ఇంకింత పానం కొట్టుకుంటుండె.

*

అడాజన్, సూరత్
2 నవంబర్ 2021

మార్కండేయ బాబాయి గారికి,

పిన్ని గారు ఊరికి వెళ్ళారని రాసిన చెయ్యి ఇది. మళ్ళీ కలం పట్టడానికి ఇన్ని రోజులు పట్టింది.

మీకో నిజం చెప్పాలి. జట్టు గురించి వచ్చే ఉత్తరాలు చించెయ్యమని ఆఫీసులో ఆర్డరు. సేఠ్ మీ మాట ఒక్కటీ చదవలేదు. మొదటి జవాబు మాత్రమే ఆఫీసుది. రెండోది ఎవరికీ చెప్పకుండా నేనే రాశాను. ఆ పాసులు స్టాఫుకిచ్చినవి, నాదీ మా అమ్మదీ.

మొన్న ఆఫీసు కూడా ఇండోర్ వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు, ఉద్యోగం మానేశాను. ఇకమీదట ఉత్తరాలు ఈ ఇంటి చిరునామాకే రాయండి.

మీ బిడ్డ
పద్మారాణి

తా.క.: మూడేళ్ళు జట్టు యజమాని దగ్గర పనిచేసి ఒక్క ఆట కూడా చూడలేదు. ఆదివారం పొద్దున మీ వైపు మైదానంలో కుర్రాళ్ళు ఆడతారట. అమ్మా నేనూ వస్తాం. పక్కన కూర్చుని, ఎప్పుడు అరవాలో చెప్పండి.