సగం గీసిన కాగితం

17 నవంబర్ 2024, ఆదివారం

అత్తమ్మ ఓడ ఎక్కుతుందట. అరవై ఏడేళ్ల వయసులో. ముంబై నుంచి గోవా దాకా పోయి వచ్చే క్రూజ్. పొద్దున చాయ్ తాగుతూ, కరెంటు బిల్లు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను నేసిన చీరల పైసలతోనే పోతున్న, ఎవ్వరు అడ్డం మాట్లాడొద్దు అని కూడా అన్నది. మా ఆయన శ్రవణ్ నోట్లో ఉప్మా నోట్లోనే ఉండిపోయింది.

ముగ్గురికి సరిపోయే గది తీసుకోమంది. నువ్వు, నేను, గుర్వమ్మ అన్నది.

గుర్వమ్మ కథ ఇన్నేళ్లకు ఈ రోజు పూర్తిగా విన్నాను. పెళ్లైన కొత్తలో అత్తమ్మ, మామయ్య ముంబై పక్కనున్న భివండికి బతకపోయారు. అత్తమ్మ మరమగ్గాల దగ్గర కండెలు చుట్టేది. పక్క గదిలో గుర్వమ్మ. పాలమూరు వైపు మేకలు, గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. ముంబైలో బిల్డింగు పనికి పోయి ఇసుక, సిమెంటు మోసేది. శ్రవణ్ పుట్టినప్పుడు అత్తమ్మకు జ్వరం వచ్చి పడిపోతే, ఇరవై రోజులు ఆయనకు పాలిచ్చి బతికించింది గుర్వమ్మే.

ఒక ఆదివారం ఇద్దరూ గోవా పోయే ఓడను చూడటానికి రేవుకు పోయారట. వాచ్‌మన్ తరిమేశాడు. ఎక్కితె ఇద్దరం ఎక్కుదం, ఒక్కదానివే ఎక్కితె నా మీదొట్టు అన్నదట గుర్వమ్మ. 1991లో అత్తమ్మవాళ్లు నల్లగొండకు వచ్చేశారు. ఆ తర్వాత ఆమె జాడ లేదు. చచ్చినా ఊరికి పోను, గీ బొంబాయిలనే ఉంట అనేదట. కాబట్టి ముంబైలోనే ఉంటుందని అత్తమ్మ నమ్మకం.

అంత ఊళ్లో ఫోన్ నంబర్ లేని ముసలామెను వెతకాలి! ఒళ్లు మండింది. కానీ ముప్పై మూడేళ్లుగా ఒక ఒట్టును పట్టుకుని కూర్చున్న మనిషి మీద ఎంతసేపు కోపం ఉంటుంది? మధ్యాహ్నానికల్లా పోయింది.

19 నవంబర్

ఓడ బుక్ అయింది. డిసెంబర్ 14 సాయంత్రం బయలుదేరుతుంది. మూడో బెర్త్ ప్రస్తుతానికి శ్రవణ్ పేరు మీద పెట్టాను. పేరు మార్చుకోవచ్చట, కానీ 13వ తేదీ సాయంత్రం ఐదులోపు ఆధార్ అప్‌లోడ్ చేయాలి. అంటే గుర్వమ్మ ఆ లోపల దొరకాలి. లేకపోతే అత్తమ్మ ఓడ ఎక్కదు. ఒట్టు అంటే ఒట్టే అంటోంది.

టెన్షన్ ఏమీ లేదు. మా గల్లీ టికెట్లన్నీ బుక్ చేసేది నా నెట్ సెంటరే. ఇంతవరకు ఒక్క తేదీ తప్పలేదు.

24 నవంబర్

అత్తమ్మ ముంబైలో ఉండే ప్లాన్ ఇచ్చింది. గ్రాఫ్ కాగితం మీద! చీర డిజైన్ గీసినట్టే గీసింది. ఒక్కో వరుస ఒక్కో గంట. పొద్దున ఆరు: లేబర్ అడ్డా, పాలమూరోళ్లు పని కోసం నిలబడే చోటు. తర్వాత భివండి గల్లీలు, తెలుగువాళ్ల గుడి, మార్కెట్. సాయంత్రం ఆరుకు ఆకుపచ్చ గళ్లు. అది గేట్‌వే ఆఫ్ ఇండియా, నా కోసమట.

ఎక్కడా కొట్టివేత లేదు. నా ఎక్సెల్ షీట్లకు సిగ్గేసింది.

26 నవంబర్

రైలు కన్ఫర్మ్. 13 పొద్దున ఐదుకు దిగుతాం. కాగితంలో ఉన్నది ఒక్క రోజేగా.

8 డిసెంబర్, ఆదివారం

తప్పు చేశాను.

పన్నెండో తారీకు రాత్రి ఎక్కడ పండుకుంటమని అడిగింది అత్తమ్మ. పన్నెండేంటి, మనం దిగేదే పదమూడున అన్నాను. ఆమె, కాయితం మడువలేదా బిడ్డా అని అడిగింది.

మగ్గం దగ్గరికి తీసుకుపోయి చూపించింది. చిటికి చీరకు, అదే ఇక్కత్ చీరకు, డిజైన్ సగమే గీస్తారట. దారాన్ని మడిచి ముళ్లు వేసి రంగులో ముంచుతారు కాబట్టి రెండో సగం దానంతట అదే తిరగేసి వస్తుంది. నేతపని ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కాబట్టి ప్లాన్ కూడా సగమే గీసింది. మొదటి రోజు అడ్డా నుంచి గేట్‌వే దాకా. రెండో రోజు అదే దారి వెనక్కి. ఎందుకంటే మొదటి రోజు పొద్దున పోయిన గల్లీలో జనం పనికి పోయి ఉంటారు. రెండో రోజు అదే గల్లీకి మధ్యాహ్నం పోతే తిండికి ఇంటికి వస్తారు. ఎవ్వరూ తప్పిపోరు.

ఎంత ఆలోచన! గేట్‌వే కూడా నాకు రెండుసార్లు చూపిద్దామనుకుందట.

మా పుట్టింట్లో మగ్గం లేదు, నాన్నది పోస్టాఫీసు ఉద్యోగం. అది సాకు కాదు. పదహారేళ్లుగా రోజూ ఈ మగ్గం పక్క నుంచే నడుస్తున్నాను. ఒక్కరోజు కూడా ఆగి అడగలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

9 డిసెంబర్

ఒక రోజు ముందు ముంబై చేరే రైళ్లన్నీ వెయిటింగ్ లిస్ట్, వందకు పైన. శ్రవణ్ నా మొహం చూసి చాయ్ పెట్టి ఇచ్చాడు, మంచి పని చేశాడు.

అత్తమ్మ నాకే ధైర్యం చెప్పింది. తిట్టినా బాగుండేది. పాలమూరు నుంచి బొంబాయి బస్సు ఉంటది గద, గుర్వమ్మ గా బస్సుకే వచ్చేది, ఫికర్ చెయ్యకు అన్నది. రైలు టికెట్లు క్యాన్సిల్ చేశాను.

11 డిసెంబర్, మధ్యాహ్నం 3.30, మహబూబ్‌నగర్ బస్టాండ్

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా ఐదు గంటలు. నడుము విరిగింది. అత్తమ్మ మాత్రం దిగీ దిగగానే పని మొదలుపెట్టింది. ముంబై బస్సు కోసం మూటలతో కూర్చున్న వాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ పోతోంది. ఏ ఊరు బిడ్డా, గుర్వమ్మ తెల్సా, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంటది అని.

బస్సు ఐదుకు.

అదే రోజు, 5.15

బస్సు వెళ్లిపోయింది. మేము ఎక్కలేదు.

మల్లీశ్వరి అని ఒకామె, మక్తల్ వైపు ఊరు. పుట్టుమచ్చ అనగానే నవ్విందట. మా మ్యాకల గుర్వమ్మనా, బొంబాయిల ఎక్కడున్నది, ఇడిసిపెట్టి ఏడేండ్లాయె, మా ఇంటి ఎనకనే ఉంటది అన్నది.

ఏడేళ్లుగా ఆమె ఇక్కడే, పాలమూరులోనే ఉంది. నా రైలు తేదీ సరిగ్గా ఉండి ఉంటే మేం ఈ బస్టాండుకు వచ్చేవాళ్లమే కాదు. రెండు రోజులు ముంబై గల్లీలన్నీ తిరిగి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చేవాళ్లం. అత్తమ్మతో అదే అన్నాను. నీ తప్పుకు దండం పెట్టాలె అని నవ్వింది. మూడు రోజుల తర్వాత గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాను.

12 డిసెంబర్

పొద్దున తొమ్మిదికి ఊరు చేరాం. గుర్వమ్మ మేకలకు తుమ్మ కొమ్మలు వేస్తోంది. మమ్మల్ని చూసి మేకలు కొనేవాళ్లనుకుని, ఇప్పుడు అమ్మేటియి లేవు అన్నది.

అత్తమ్మ నేను ఆండాళును అనలేదు. ఇంకా ఎక్కలే అన్నది, అంతే.

గుర్వమ్మ చేతిలో కొమ్మ కింద పడింది. దగ్గరికి వచ్చి రెండు చేతులతో అత్తమ్మ మొహం తడిమింది. నిజంగ ఎక్కలేదానే, ఇన్నేండ్లు నా కోసం ఆగినవానే అని గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మేకలు మాత్రం కొమ్మ తింటున్నాయి.

రాను అన్నది. మోకాళ్లు నొస్తున్నయి, మ్యాకలను ఎవరు చూస్తరు అని. అత్తమ్మ బతిమాలలేదు. గ్రాఫ్ కాగితం తీసి మంచం మీద పరిచింది. గిది అడ్డా, గిది మన గల్లీ, నిన్ను గిట్ల దేవులాడుదామనుకున్న అని గడి గడీ వేలు పెట్టి చూపించింది. చదువు రాని గుర్వమ్మ కాగితం మొత్తం చేత్తో నిమిరింది. తర్వాత కొడుకు నాగేందర్‌ను పిలిచి, మ్యాకలు నాలుగు దినాలు నువ్వే చూడు అని చెప్పింది.

ఆధార్ బియ్యం డబ్బాలో దొరికింది. సిగ్నల్ స్కూలు మేడ మీదే ఉంది. పరుగెత్తాను. ఫొటో రెండుసార్లు ఫెయిల్. మూడోసారి ఎక్కింది. 11.40కి మెసేజ్ వచ్చింది: గెస్ట్ 3, గుర్వమ్మ. తేదీ, పేరు, స్పెల్లింగ్ పదిసార్లు చూసుకున్నాను.

సాయంత్రం బస్సుకు ముగ్గురం.

13 డిసెంబర్, ముంబై

రెండు రోజుల ప్లాన్ ఒక్క రోజుకు వచ్చింది. వెతకాల్సిన మనిషి పక్కనే ఉంది, కాగితంతో పనేముంది? ఏం చూద్దామని గుర్వమ్మను అడిగాం. నేను మోసిన బిల్డింగులు చూపియ్యుండ్రి అన్నది. పని అయిపోగానే వెళ్లగొట్టేవాళ్లట. పూర్తయినాక ఒక్కదాన్నీ చూడలేదట.

ట్యాక్సీలో తిప్పాం. మూడు దొరికాయి. పద్దెనిమిది అంతస్తులది ఒకటి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. నాకు రోషం వచ్చి గొడవ పెట్టుకోబోయాను. గుర్వమ్మే వద్దన్నది. రోడ్డు అవతల నిలబడి తల ఎత్తి చూసింది. తొమ్మిదో అంతస్తు దాక మెట్ల మీద మోసిన, లిఫ్టు ఏడిది అప్పుడు అన్నది. గోడ మంచిగనే నిలవడ్డది అని అత్తమ్మతో మెచ్చుకోలుగా చెప్పింది. మేస్త్రీ మాట్లాడినట్టుంది.

గేట్‌వే చూడలేదు. నాకేం బాధ లేదు.

14 డిసెంబర్, సాయంత్రం

ఓడ కదిలింది. జనమంతా ముందుకు పోయి సముద్రాన్ని ఫొటోలు తీసుకుంటున్నారు. వీళ్లిద్దరూ వెనక రెయిలింగ్ పట్టుకుని ముంబై వైపు చూస్తున్నారు. గుర్వమ్మ వేలు పెట్టి చూపిస్తోంది. అగో, గా బిల్డింగు నాది. గదీ నాదే.