గుడ్డల గుట్టలో తుమ్ము

అబ్బాయీ,

మీ అమ్మ దీవెనలు. నీ నడుం నొప్పి తగ్గిందా? రాళ్ళెత్తేటప్పుడు మోకాళ్ళు వంచమంటే వింటావా, వినవు. నీ గదిలో ఉండే మేస్త్రీ గారి దగ్గు ఎలా ఉంది? అది నీకు అంటుకుంటుందేమోనని నాకు బెంగ. ఇక్కడ కోడలి కళ్ళమంట అలాగే ఉంది. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఇక నీ కూతురు, మన పిట్ట సంగతి. ఫోనులో చెబుదామంటే ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నాను.

నిన్న వాన పట్టుకుంది. పిల్ల తడుస్తుందని గొడుగు తీసుకుని బడికి వెళ్ళాను. "మీ మనవరాలు బడి మానేసి చాన్నాళ్ళయిందిగా పెద్దమ్మా" అంది పంతులమ్మ. రోజూ జడలేసి, డబ్బా సర్ది పంపేది నేనే కదా! కోడల్ని అడుగుదామని, అది పని చేసే బట్టల షెడ్డుకి పరుగు పెట్టాను.

గుమ్మంలో నన్ను చూసి "మేడమొచ్చింది!" అని ఒకడు కేకేశాడు. ఉతికిన చీర, కళ్ళజోడు, గొడుగు చూసి నన్ను తనిఖీకొచ్చిన ఆఫీసరమ్మ అనుకున్నారు. లోపల దడదడ చప్పుడు, వెంటనే నిశ్శబ్దం. సూపర్‌వైజరు కుర్చీ తుడిచి వేశాడు. "కూర్చోండి మేడమ్. మా దగ్గర చిన్నపిల్లలెవరూ లేరండీ" అన్నాడు. నేనడిగానా? "మేడమ్‌ని కాదు నాయనా, మూడో తరగతితో సరి నా చదువు" అంటే, "మీరు భలే జోకులేస్తారండీ" అని నవ్వాడు.

అప్పుడు మూలనున్న గుడ్డముక్కల గుట్ట తుమ్మింది. వరసగా మూడు. అలా మూడు తుమ్మేది మన ఇంట్లో నువ్వూ, పిట్టా. "చిరంజీవ" అనేశాను అలవాటుగా. గుట్టలోంచి తల బయటికొచ్చింది. కనురెప్పల నిండా బట్టల నూగు. "నాయనమ్మా, నువ్వా! మేడమనుకున్నా. అందరికంటే ముందు దాక్కునేది నేనే, తెలుసా?" అంది, బహుమతి వచ్చినట్టు. దాని వెనకే ఇంకో ఇద్దరు లేచారు.

కోడలు మిషను మీంచి తలెత్తలేదు. "చొక్కాకి వేలాడే దారాలు కత్తిరిస్తేగాని లెక్కలోకి రాదత్తయ్యా. అవి కత్తిరిస్తూ కూర్చుంటే కుట్టు ఆగిపోతుంది, ఆగితే రేపట్నుంచి రావద్దంటారు. పక్కన దారాలు కత్తిరించే పిల్ల ఒకత్తె ఉంటుందని లెక్కేసుకునే చొక్కాకి రేటు కట్టారు" అంది. మళ్ళీ తనే, "ఆయనకి తెలుసు" అంది.

నీకు తెలుసా నాయనా? తెలిసే, ఫోనులో పిట్టతో "బాగా చదువుకో" అంటున్నావా? నాకు రాత్రంతా కన్ను మూతపడలేదు. నిన్ను తిడదామంటే నీ నడుం గుర్తొస్తోంది.

ఇవాళ పిట్ట చోట నేనే కూర్చున్నాను. "ఏం మేడమ్, డ్యూటీలో చేరారా?" అని సూపర్‌వైజరు ఎకసెక్కమాడాడు. ఆడుకోనీ. కానీ నిన్న గుట్టలోంచి లేచిన పిల్లల్లో ఒకత్తె నన్నే చూస్తూ, "మా నాయనమ్మ లేదు. నా చోట ఎవరు కూర్చుంటారు?" అని అడిగింది. కత్తెర పక్కన పెట్టి, ఆ మాట కోడలికి చెప్పాను.

దారాలకి జీతమిచ్చి వేరే మనుషుల్ని పెట్టమని సూపర్‌వైజర్ని అడుగుదామంటున్నారు కోడలూ, ఆ పిల్ల తల్లీ. ఉన్న పనీ ఊడుతుందేమోనని నాకు భయం. అయినా అడగమన్నాను. ఆ పిల్ల తండ్రిదీ మీ చోటే పనట. సాయంత్రం బడికెళ్ళి అడిగితే, పిల్లల్ని మళ్ళీ చేర్చుకోవాలంటే తండ్రులు రావాలంది పంతులమ్మ. మొహం చెల్లదని ఆగిపోకు. అతన్నీ వెంటబెట్టుకుని రా. వచ్చే నెల నాలుగో తేదీ, సోమవారం, బడి తెరిచే వేళకి.

మీ అమ్మ