ఇగ డీసీఎం మరుగుతలేదు

మేడ్చల్

సహస్ర వాళ్ల నాయినకు సరళ దండం పెట్టి రాసేది. ఇంట్ల అందరం మంచిగున్నం. అత్తమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయని అడిగిండ్రు, జర నయమే. మీరు బోర్లేసే అడవిల ఫోన్ కలుస్తలేదు, గందుకే మీ బోరుబండికి డీజిల్ తెచ్చే ఆయనతోటి గీ ఉత్తరం పంపుతున్న.

మన కూరగాయల బండి, డీసీఎంను పాత ఇనుముకు ఇచ్చెయ్యమని రాసిండ్రు. ఇయ్యలే. కోపం జేయకుండ మొత్తం సదువుండ్రి.

మీరు పోయినంక ఇంజన్ హెడ్ కింద ఏసే గ్యాస్కెట్ మళ్ల కాలింది. పాలకూర, కొత్తిమీర ఏసుకోని బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోతాంటే సుచిత్ర చౌరస్తా కాడ ఇంజన్ మరిగి ఆగింది. రేడియేటర్ల నీళ్లు లేవు. ఆయిల్ జూస్తే నీళ్లు కలిసి పాలు పోసిన చాయ్ లెక్కున్నది. కూరంత ఎండకు వాడిపోయింది.

మెకానిక్ గండయ్య వచ్చి, "కొత్త గ్యాస్కెట్ ఏస్త, పొద్దుమీకి తీస్కపో" అన్నడు.

"ఎన్నిసార్లు ఏస్తవన్నా? ఎందుకు కాలుతాందో ముందుగాల అది జెప్పు" అన్న.

ఆయన హెడ్ ఇప్పి, దాని మీద ఇనుప స్కేలు నిలవెట్టి, ఎనకకెల్లి టార్చి కొట్టిండు. స్కేలు కింద సందులకెల్లి ఎలుగు కనబడ్డది.

"హెడ్ వంగిందమ్మా. ఎన్ని గ్యాస్కెట్లు ఏసినా నిలువయి" అన్నడు.

ఎందుకు వంగిందంటే, మనం పోసిన బోరునీళ్ల సున్నం పేరుకపోయి రేడియేటర్ సగం మూసుకపోయింది. హెడ్‌ను లేత్ కాడ సాపు జేయించినం, రేడియేటర్ కడిగించినం. ఇప్పుడు బోరునీళ్లు బంద్ వెట్టి, దుకాణంల దొరికే కూలెంటే పోస్తున్న. నిండు లోడుతోటి శామీర్‌పేట రోడ్డు ఎత్తు ఎక్కిచ్చినా వేడి జూపే ముల్లు నడుమకెల్లి కదలలే.

ఇగ అసలు మాట. ఇన్నొద్దులు రాయనీకి భయమైంది. బండి తోలేది నేనే. మీరు పోయేటప్పుడు పెట్టిన డ్రైవర్, గీ బండితోటి ఏగలేనని సుచిత్ర కాడ ఆగిన్నాడే తాళాలు నా చేతుల వెట్టి పోయిండు. మా బాపు నేర్పిన ట్రాక్టర్ తోలుడు అక్కరకొచ్చింది. పెద్ద బండి లైసెన్స్ గుడ తీస్కున్న.

అత్తమ్మ మొదలు నాతోటి మాట్లాడలే. "నలుగురు ఏమంటరే?" అని ఒకటే పరేషాన్. ఓ పొద్దుగాల ఆమెనే క్యాబిన్ల ఎక్కి కూసున్నది. "పా, నేనుంట పక్కన" అన్నది. ఇప్పుడు మలుపు కాడ కిటికీలకెల్లి చెయ్యి సాపి, ఎనకొచ్చే బండ్లను ఆపేది ఆమెనే. హారన్ కొట్టినోళ్లను తిట్టేది గుడ ఆమెనే.

బండి మీద నమ్మకం లేకనే గద మీరు గంత దూరం పోయిండ్రు. ఇప్పుడు పక్క ఊరి రైతులు గుడ కూరగాయలు మన బండికే ఏస్తున్నరు. ఇద్దరికి సాలేంత పనున్నది. ఇంటికి రాండ్రి. స్టీరింగ్ మాత్రం మొత్తానికి ఇయ్య. రోజు మార్చి రోజు తోలుకుందాం.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుజూసే
మీ ఇంటామె
సరళ