సారిక మీద ఫిర్యాదు

రాజమహేంద్రవరం,
7 మార్చి 2025.

పూజ్యురాలైన అన్నపూర్ణమ్మక్కయ్యకు తమ్ముడు బుల్లిబాబు నమస్కరించి రాసేది. ఫోన్లో నీకు సరిగ్గా వినబడదు, ఈ సంగతి గట్టిగా అరిచి చెప్పేదీ కాదు. అందుకే ఉత్తరం.

మన ప్రసన్న ప్రాణానికి భయం లేదన్నారు. ఆదివారం తణుకులో అది కళ్ళు తేలేసినప్పుడు షుగరు ఐదు వందల ఎనభై. కారులో ఈ ఆస్పత్రికి తెచ్చేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాలుగేళ్ళుగా పూటపూటా ఇన్సులిన్ వేసుకుంటున్న పిల్లకి ఒక్కసారిగా అంత ఎందుకు పెరిగిందో ఆ రోజు డాక్టరు గారికే అంతుపట్టలేదు. మందు పాడైపోయిందేమో అన్నారు. వాళ్ళమ్మ అక్కడ కొట్టు చూసుకుంటోంది, నేనిక్కడ మంచం పక్కన కాపలా.

కాపలా అని ఊరికే అనలేదు. ఇక్కడ సారిక అనే నర్సు ఉంది. లూథరన్ చర్చి వాళ్ళమ్మాయట. సూది వేసే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంది. మొదట్రోజు పట్టించుకోలేదు. బుధవారం చూద్దును కదా, మన పిల్ల కూడా కళ్ళు మూసుకుంది! డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా స్టూలు లాక్కుని కూర్చుంటుంది. నేను టీ తాగి వచ్చేసరికి ఇద్దరూ గుసగుసలు, నన్ను చూడగానే గప్‌చుప్. నాతో ముక్తసరిగా మాట్లాడే పిల్ల ఆ నర్సు చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఏంటమ్మా అంటే ఏం లేదు నాన్నా అంటుంది. నిన్న వీరభద్రస్వామి విభూతి పెట్టబోతే మొహం తిప్పేసుకుంది. పదిహేనేళ్ళ పిల్ల, ఒంట్లో ఓపిక లేదు. ఇలాంటప్పుడే కదక్కయ్యా మనసు మార్చేది?

ఆ అమ్మాయిని నిలదీశాను. ఏం మాట్లాడుకుంటున్నారండీ అంటే, అది ప్రసన్నే మీకు చెప్పాలండీ, నేను చెప్పకూడదు అంది. ఇంకేం కావాలి? రేపు ఉదయం పెద్ద డాక్టరు గారికి ఫిర్యాదు రాసిస్తున్నాను. ఆ అమ్మాయి ఉద్యోగం పోయినా నాకు జాలి లేదు.

ఇట్లు,
నీ తమ్ముడు
బుల్లిబాబు

తా.క.: అత్తయ్యా, నేను ప్రసన్నని. కవరు మీద అడ్రసు రాయమని నాన్న ఇస్తే చదివేశాను. మందు పాడవలేదు. శివరాత్రికి పట్టిసీమలో మొక్కుకున్నాక, ఇక అంతా స్వామే చూసుకుంటాడని నాన్న అన్నారు. నేను నిజంగానే నమ్మాను. మర్నాటి నుంచి వేసుకున్నానని చెప్పి మందు సింకులో వదిలేశాను. నా భక్తి చాలకే ఇలా అయిందనుకున్నాను. విభూతి పెట్టించుకోడానికి కూడా సిగ్గేసింది.

సారికక్క ఒక్కదానికే చెప్పాను. మీ దేవుడైతే సూది లేకుండా తగ్గిస్తాడా, మీ చర్చిలో చేరిపోతాను అని కూడా అడిగాను. అక్క వద్దంది. నేను ప్రార్థన చేసుకున్నా, చేసుకుని వేసేది సూదేనమ్మా, నీ స్వామిని నువ్వు తలుచుకో, మందు మాత్రం మానకు అంది. డాక్టరు గారికి తనే చెప్పింది. నాన్నకి మాత్రం నువ్వే చెప్పాలి, ధైర్యం వచ్చేదాకా రోజూ కూర్చుంటానంది.

నాన్న మొహం చూసి చెప్పలేక ఇక్కడ రాశాను. కవరు అంటించకుండా ఆయన చేతికే ఇస్తున్నాను.

అక్కయ్యా, చదివాను. నాలుగేళ్ళలో ఆ సూదిని నేను ఒక్కసారీ ముట్టుకోలేదు. ఇవాళ పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, ఎలా వెయ్యాలో నాకూ నేర్పించమని అడిగాను. నేర్పడానికి సారిక గారే వచ్చారు.

బుల్లిబాబు